పోలీసులడిగితే ఫ్రెండు కారని చెప్పండి

జనవరి వచ్చిందంటే మనవాళ్ళ దగ్గర్నించి రెండు రకాల ఫోటోలు వస్తాయి. మొదటి రకం యూరప్ బ్యాచ్‌ది. వెనకాల మంచుకొండ, ముందు నలుగురు కుర్రాళ్ళు, పక్కన కిరాయి కారు. కింద "జర్మనీలో టిఫిను, ఆస్ట్రియాలో భోజనం, ఇటలీలో కాఫీ, ఎక్కడా ఆపినవాడు లేడు" అని ఒక వాక్యం. రెండో రకం సంక్రాంతికి ఊరొచ్చిన బ్యాచ్‌ది. జగ్గన్నతోట ప్రభల దగ్గరో, యానాం బ్రిడ్జి మీదో నలుగురు కుర్రాళ్ళు, పక్కన ఇంకో కిరాయి కారు. ఈ రెండో కారు నంబరు ప్లేటు తెల్లగా ఉంటుంది. నా గొడవంతా ఆ తెలుపు గురించే.

కానీ ముందు మొదటి ఫోటో సంగతి చూద్దాం. ఎందుకంటే రెండో ఫోటోలో చేసే వెధవపనికి మనవాళ్ళు చెప్పే సాకు అక్కడ్నించే వస్తుంది. "అక్కడ అసలు సరిహద్దులే లేవండీ, కారు వేసుకుని పోవడమే. మన దగ్గరే అడుగడుక్కీ పర్మిట్లూ, ట్యాక్సులూ, చెక్‌పోస్టులూ. అందుకే మనం ఇలా అడ్డదారి తొక్కాల్సొస్తోంది." ఈ మాట కనీసం పదిమంది నోట విన్నాను. అందరూ ఇంజనీర్లే.

ఆపినవాడు లేకపోవడం వేరు, సరిహద్దు లేకపోవడం వేరు. మ్యూనిక్‌లో ఉద్యోగం చేసిన రెండు చలికాలాల్లో నేనూ ఇలాంటి స్కీ ట్రిప్పులకి వెళ్ళాను. (కాట్రేనికోనలో పుట్టినవాడికి ఏటవాలు అంటే ఏటిగట్టే. కాళ్ళకి చెక్కలు కట్టుకుని కొండ మీంచి జారడం మన ఒంటికి పడదని మొదటి పూటే తేలిపోయింది. ఆ తర్వాత బ్యాచ్‌లో నా డ్యూటీ డ్రైవింగూ, సాయంత్రానికి అన్నం వండటమూ.) కారు నా పేరు మీద తీసుకునేవాళ్ళం కాబట్టి ఆ కాయితాలన్నీ నేనే చదివేవాణ్ణి. చదివితే తెలిసిందేంటంటే, అక్కడ సరిహద్దు రోడ్డు మీంచి లేచిపోయి కాయితంలోకి వెళ్ళి కూర్చుంది. అంతే తేడా.

కౌంటర్లో మొదట అడిగే ప్రశ్న "ఏయే దేశాలకి వెళ్తున్నారు?" అది కుశలప్రశ్న కాదు. ఒప్పందంలో దేశాల జాబితా ఉంటుంది. చాలా కంపెనీలకి కొన్ని మోడళ్ళు కొన్ని దేశాలకి తీసుకెళ్ళకూడదన్న నియమం ఉంటుంది. చెప్పకుండా తీసుకెళ్తే, అక్కడ ఏదైనా అయితే, మీరు డబ్బు కట్టి కొనుక్కున్న ఆ డ్యామేజీ కవరు చెల్లదు. తర్వాతి ప్రశ్న "ఎవరెవరు నడుపుతారు?" ప్రతీ డ్రైవరు పేరూ రాయాలి, మనిషికింత అని అదనంగా కట్టాలి. మనవాళ్ళు ఒక పేరు రాసి నలుగురూ మార్చుకుని నడుపుతారు. ఆ మిగిల్చిన డబ్బుతో బిర్యానీ తింటారనుకోండి. ఆ బిర్యానీ ఖరీదు ఎంతో బండి గోడకి గుద్దుకున్నప్పుడు తెలుస్తుంది.

తర్వాత టైర్లు. జర్మనీలో రోడ్డు మీద మంచూ, నల్లటి ఐసూ ఉంటే చలికాలం టైర్లు ఉండి తీరాలి. వాటి మీద కొండ బొమ్మలో మంచుపువ్వు గుర్తుండాలి, పాత 'ఎం ప్లస్ ఎస్' గుర్తు ఒక్కటే ఉంటే 2024 సెప్టెంబరు తర్వాత కుదరదు. ఆస్ట్రియాలో నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 దాకా, రోడ్డు మీద చలికాలం పరిస్థితులు ఉంటే అదే నియమం. ఫ్రాన్సు కొండ జిల్లాల్లో 2021 నుంచి నవంబరు 1, మార్చి 31 మధ్య చలికాలం టైర్లో, డిక్కీలో గొలుసులో ఉండాలి. స్విట్జర్లాండులో "ఉండి తీరాలి" అనే సాధారణ నియమం లేదు. లేదు కదా అని ఎండాకాలం టైర్లతో పోయి ఎవరినైనా గుద్దితే మాత్రం బాధ్యత లెక్క మీ నెత్తికే చుట్టుకుంటుంది. నాలుగు దేశాలు, నాలుగు రకాల వాక్యాలు. ఒకే మంచు.

ఇంక రోడ్డు పన్ను. ఆస్ట్రియా హైవే ఎక్కాలంటే విన్యెట్ అనే స్టిక్కరో, దాని డిజిటల్ అవతారమో కొనాలి. 2025లో పది రోజులకి 12 యూరోల 40 సెంట్లు. బ్రెన్నర్ దారికి అది చాలదు, వేరే టోలు. స్విట్జర్లాండులో పది రోజులది లేదు, ఏడాదిదే, 40 ఫ్రాంకులు. మీరు ఒక్క పూట వెళ్ళినా అంతే. లేకుండా దొరికితే 200 ఫ్రాంకులు ఫైను, పైన ఆ 40 కూడా.

ఈ స్విట్జర్లాండు వ్యవహారం మనవాళ్ళకి అసలు అర్థం కాదు. 2008 డిసెంబర్లో అది షెంజెన్‌లో చేరింది కాబట్టి మనిషి పాస్‌పోర్టు చూడటం ఆగింది. కానీ అది యూరోపియన్ యూనియన్‌లో లేదు, కస్టమ్స్ గేటు అలాగే ఉంది. కస్టమ్స్ వాడి కంటికి మీ కారు వాహనం కాదు, సరుకు. మనిషికి షెంజెన్ ఉంది, కారుకి లేదు. జ్యూరిక్‌లో నివాసం ఉండే మనవాడు సరిహద్దు అవతల చవగ్గా దొరుకుతోందని జర్మన్ నంబరు కారు కిరాయికి తెచ్చుకుని నెలల తరబడి స్విట్జర్లాండులో తిప్పడానికి వీల్లేదు. సుంకం కట్టని సరుకు తిప్పుతున్నట్టు లెక్క. కిరాయి కార్లకి కొద్దిపాటి మినహాయింపులున్నాయి, వాటికి షరతులున్నాయి. పాస్‌పోర్టు రంగుతో పని లేదు. మీరు ఎక్కడ కాపురం ఉంటున్నారన్నదే ప్రశ్న.

జెనీవా ఎయిర్‌పోర్టుకి వెళ్ళినవాళ్ళకి ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ఒకే ఎయిర్‌పోర్టులో స్విస్ వైపు ఒకటీ, ఫ్రెంచి వైపు ఒకటీ కిరాయి కార్ల కౌంటర్లు. ఫ్రెంచి వైపు చవక. ఆ చవక ఎందుకో బుక్ చేసేటప్పుడు ఎవరూ అడగరు. అక్కడి కార్లు ఫ్రెంచి కార్లు. స్విస్ కారుతో పాటు వచ్చే విన్యెట్ దీనికి ఉండదు, చలికాలం టైర్లు కావాలంటే విడిగా అడిగి కట్టుకోవాలి. గోడకి అటూ ఇటూ రెండు వేర్వేరు లోకాలు.

ఇంకో మాట. ఆపేవాడు లేడన్నది కూడా పూర్తి నిజం కాదు. 2015 వలసల సంక్షోభం తర్వాత జర్మనీ ఆస్ట్రియా సరిహద్దులో మళ్ళీ తనిఖీలు పెట్టింది. 2024 సెప్టెంబరు 16 నుంచి తన భూసరిహద్దులన్నిటికీ పెట్టింది. ఆస్ట్రియా నుంచి తిరిగొచ్చేటప్పుడు పోలీసు కారులోకి టార్చి వేసి చూస్తాడు. నలుగురు నల్లటి కుర్రాళ్ళు కనిపిస్తే పక్కకి ఆపుతాడు, అది మనందరికీ తెలిసిందే. అప్పుడు పాస్‌పోర్టూ, రెసిడెన్స్ కార్డూ జేబులో ఉండాలి, హోటల్లో కాదు.

ఇంత చిక్కునీ మనవాళ్ళు ఎంత బుద్ధిగా భరిస్తారో చూస్తే ముచ్చటేస్తుంది. రాత్రి పదకొండింటికి కూర్చుని ఆరు పేజీల ఒప్పందం ట్రాన్స్‌లేటర్లో వేసి చదువుతారు. ఎక్సెల్ షీటు చేస్తారు. టైరు మీద గుర్తు ఫోటో తీసి గ్రూపులో పెట్టి "ఇదేనా?" అని అడుగుతారు. కారు తీసుకోగానే చుట్టూ తిరిగి ప్రతి గీతనీ వీడియో తీస్తారు. శభాష్.

ఇప్పుడు ఇదే మనిషిని హైదరాబాదులో దింపండి.

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు వాట్సాప్‌లో ఒక నంబరు చేతులు మారుతుంది. "మావాడికి తెలిసినాయన, సెల్ఫ్ డ్రైవు ఇస్తాడు." ఆయన నాలుగు కార్ల ఫోటోలూ, రోజుకి రేటూ పెడతాడు. డిపాజిట్టుగా ఒరిజినల్ ఆధారో, బైకో, లేకపోతే సంతకం పెట్టిన ఖాళీ ప్రోనోటో. ఒప్పందం లేదు, డ్రైవరు పేరు రాయడం లేదు. ఆర్సీ ఎవరో మూడో మనిషి పేరు మీద ఉంటుంది. తాళాలు చేతిలో పెడుతూ ఆయన చెప్పే ఒకే ఒక నియమం: "దారిలో పోలీసులడిగితే ఫ్రెండు కారని చెప్పండి."

మన ఇంజనీరు తలూపుతాడు. ఆ ఫ్రెండు పేరేంటో కూడా వీడికి తెలీదు. ఇన్స్‌బ్రుక్‌లో టైరు మీద మంచుపువ్వు వెతికిన కళ్ళు ఇవే.

తెలీదంటే చెబుతాను, సెల్ఫ్ డ్రైవుకి కారు అద్దెకివ్వడానికి మన దేశంలో పద్ధతి ఉంది. 1989లో కేంద్రం రెంట్ ఎ క్యాబ్ స్కీము అని తెచ్చింది. అలాంటి కారుకి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. డ్రైవరుతో వచ్చే ట్యాక్సీకి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు. తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే అది సొంత వాడకానికి రిజిస్టరైన బండి. దాని పాలసీ కూడా సొంత వాడకానికి తీసుకున్నదే. అది ప్రైవేటు కారు పాలసీ కాబట్టి, డబ్బు తీసుకుని కిరాయికిస్తే ఆ వాడకం దానికి బయట. యాప్‌లో దొరికినంత మాత్రాన తెల్ల బోర్డు నల్ల బోర్డు అయిపోదు, ప్లేటు చూడండి.

మోటారు వాహనాల చట్టం 150వ సెక్షన్ (2022 ఏప్రిల్ దాకా ఇది 149) ఇన్సూరెన్సు కంపెనీకి ఏయే కారణాలతో చేతులు దులుపుకోవచ్చో చెబుతుంది. వాటిలో ఒకటి ఇదే: కిరాయి పర్మిటు లేని బండిని కిరాయికి వాడటం. సొంత కారు సొట్టలకి వచ్చే డబ్బు సంగతి సరే, అది పోతే ఓనరు ఏడుస్తాడు. దెబ్బ తగిలిన మూడో మనిషి సంగతేంటి? కోర్టులు చాలా కేసుల్లో "ముందు బాధితుడికి కట్టు, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకో" అని కంపెనీలకి చెబుతూ వచ్చాయి, నిజమే. కానీ ఆ మాట కోర్టు నోట రావడానికి ముందు కంపెనీ లాయరు అది కిరాయి బండి అంటాడు, ఓనరు ఫ్రెండుకిచ్చానంటాడు, నడిపినవాడు ఏమనాలో తెలియక నీళ్ళు నములుతాడు. ఈ మూడు ముక్కలాట అయ్యేదాకా మంచం మీదున్నవాడు మంచం మీదే.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మా నాన్నకి వరసకి తమ్ముడయ్యే ఆయన ఒకాయన, రొయ్యల చెరువు దగ్గర కాపలా పని. రెండేళ్ళ క్రితం కనుమ నాటి రాత్రి పల్లంకుర్రు రోడ్డులో సైకిలు మీద ఇంటికొస్తుంటే వెనకనుంచి కారు కొట్టింది. మా వైపు రోడ్లు తెలిసినవాళ్ళకి తెలుసు. ఒకవైపు కాలవ, ఇంకోవైపు కొబ్బరితోట, మధ్యలో ఒక కారున్నర వెడల్పు తారు. బాబాయి తోటలో పడ్డాడు కాబట్టి బతికాడు, కాలవలో పడుంటే లేదు. తొడ ఎముక విరిగింది. కారులో ఉన్నవాళ్ళు పారిపోలేదు, అది ఒప్పుకోవాలి. వాళ్ళే ఎక్కించుకుని అమలాపురం తీసుకెళ్ళారు. నడిపిన కుర్రాడు హైదరాబాదులో మనలాంటి ఉద్యోగమే. మొదటి రోజు బిల్లు వాడే కట్టాడు. రెండో రోజు కారు ఓనరు ఫోను చేశాడు, "కిరాయి మాట ఎత్తొద్దు, ఎత్తితే ఇన్సూరెన్సు రాదు, నా ఫ్రెండువని చెప్పు" అని. కుర్రాడు స్టేషన్‌లో అలాగే చెప్పాడు. కానీ ఇన్సూరెన్సు వాళ్ళు ఎంక్వైరీకి వచ్చినప్పుడు, ఓనరు పేరేంటని అడిగితే ఇంటిపేరుతో సహా తప్పు చెప్పాడు. ఫ్రెండు కదా మరి!

ఊళ్ళో పెద్దమనుషులు కూర్చుని ఒక మొత్తం చెప్పి రాజీ పడమన్నారు. అది రెండు ఆపరేషన్లకి కూడా రాదు. పిన్ని ఒప్పుకోలేదు. మంచి పని చేసింది.

ఆ కుర్రాడు దుర్మార్గుడని నేననను. మ్యూనిక్ ఎయిర్‌పోర్టులో వాణ్ణి నిలబెడితే అన్నీ చదివి సంతకం పెట్టే రకమే అయ్యుంటాడు. నాకు మండేది అక్కడే. రూలు తెలియనివాడు చేస్తే అమాయకత్వం అనుకోవచ్చు. వీడికి చదవడం వచ్చు. అక్కడ చదవకపోతే క్రెడిట్ కార్డులోంచి యూరోలు పోతాయి కాబట్టి చదువుతాడు. ఇక్కడ పోయేది ఎవరో సైకిలు మనిషి కాలు కాబట్టి చదవడు. మర్యాదలన్నీ డిపాజిట్టు బట్టే.

సరే, ఇప్పుడు ఆ సరిహద్దుల సాకు. హైదరాబాదు నుంచి కాట్రేనికోన 450 కిలోమీటర్ల పైచిలుకు. సూర్యాపేట, కోదాడ దాటాక గరికపాడు దగ్గర ఆంధ్రాలోకి వస్తాం. విజయవాడ, ఏలూరు, రావులపాలెం, అమలాపురం, ముమ్మిడివరం, ఊరు. పండక్కొచ్చినవాడు ఊళ్ళో కూర్చోడు కదా, మర్నాడు యానాం, అక్కణ్ణుంచి కాకినాడ. అంటే కారు రెండు రాష్ట్రాలూ, ఒక కేంద్రపాలిత ప్రాంతమూ తిరిగిందన్నమాట. ఇది ఆల్ప్స్‌కి తక్కువేం కాదు.

యానాం గురించి బయటివాళ్ళకి చెప్పాలి. చుట్టూ ఆంధ్రా, మధ్యలో 30 చదరపు కిలోమీటర్ల పుదుచ్చేరి. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ పాలన, చట్టరీత్యా అప్పగింత 1962లో. కాట్రేనికోన నుంచి కాకినాడ వెళ్ళాలంటే ఎదుర్లంక దగ్గర గౌతమి మీద బాలయోగి వారధి దాటి పుదుచ్చేరిలోకి దిగి, ఊరు దాటి మళ్ళీ ఆంధ్రాలోకి రావాలి. ఆస్ట్రియావాళ్ళకీ ఇలాంటిదే ఉంది. సాల్జ్‌బర్గ్ నుంచి ఇన్స్‌బ్రుక్‌కి హైవే మీద పోవాలంటే దగ్గర దారి జర్మనీలోంచే. తమ దేశంలో తమ ఊరు నుంచి తమ ఊరికి పక్క దేశం మీంచి పోతారు.

యానాం అంటే మావాళ్ళకి చవక పెట్రోలూ, చవక మందూ. దీనికి కూడా ఆల్ప్స్‌లో అన్నగారున్నాడు. స్విట్జర్లాండులో సామ్‌నౌన్ అనే కొండ ఊరు 1892 నుంచి సుంకాలు లేని ప్రాంతం. ఆస్ట్రియా వైపు ఇష్గుల్ అనే స్కీ ఊరు నుంచి జనం చెక్కల మీద జారుకుంటూ సరిహద్దు దాటి సామ్‌నౌన్‌లో దిగి, సీసాలు కొనుక్కుని, బ్యాగులో వేసుకుని కేబుల్ కారెక్కి వెనక్కొస్తారు. ఆ మంచు మీద కస్టమ్స్ వాళ్ళు బ్యాగులు తెరిపించి చూస్తారు. చవక ఉన్న చోట సరిహద్దు ఎప్పుడూ చావదు, ఆల్ప్స్ అయినా గౌతమి అయినా.

ఇక్కడో పిట్టకథ. 1930లో శారదా చట్టం వచ్చి బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహాలు నేరమయ్యాక, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పిల్లల్ని ఫ్రెంచి యానానికి తీసుకొచ్చి పెళ్ళి చేసి తీసుకుపోయేవాళ్ళు. దాన్ని కల్యాణపురం అని కూడా అన్నారు. చట్టం నచ్చకపోతే ఏరు దాటడం మనకి కొత్త కాదు. ఇప్పుడు అదే పని నంబరు ప్లేట్లకి చేస్తున్నాం. కోనసీమ రోడ్ల మీద 'పీవై 04' నంబరు కార్లు ఎన్ని కనపడతాయో చూడండి. అన్నీ యానాం వాళ్ళవేనా? అక్కడ ట్యాక్సు తక్కువని, ఒక అద్దింటి అడ్రసు సంపాదించి రిజిస్ట్రేషన్ చేయించుకున్నవి వాటిలో ఎన్నో. పన్నెండు నెలలకి మించి వేరే రాష్ట్రంలో ఉంచితే నంబరు మార్చుకోవాలని చట్టంలో 47వ సెక్షన్ ఉంది. జ్యూరిక్‌లో మనవాడు జర్మన్ నంబరు కారు తిప్పకూడదన్న నియమం ఉంది చూశారూ, దాని వరస కూడా ఇదే: కారు సంగతి కాదు, నువ్వు ఎక్కడ కాపురం ఉంటున్నావు? అక్కడ తలొంచుకుని ఒప్పుకుంటాం. ఇక్కడ అదే ప్రశ్న అడిగితే "వన్ నేషన్" అని ఉపన్యాసమిస్తాం.

మన సరిహద్దులు మరీ ముద్దొచ్చేవేం కావని నాకూ తెలుసు. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణా, ఆంధ్రా ఒకదాని బళ్ళ మీద ఇంకోటి ట్యాక్సు వేసుకున్నాయి. 2021 మే నెలలో, కోవిడ్ రెండో అల జోరులో, కర్నూలు వైపు నుంచి హైదరాబాదు ఆస్పత్రులకి వస్తున్న అంబులెన్సుల్ని పుల్లూరు టోల్‌గేటు దగ్గర ఆపేశారు. తెలంగాణ హైకోర్టు కలగజేసుకోవాల్సొచ్చింది. యానాం పొలిమేరలోనూ 2020 లాక్‌డౌన్‌లో గేట్లు పడ్డాయి. కానీ అదే 2020లో, ఏ సరిహద్దూ లేదని మనం మురిసిపోయే యూరప్‌లో, జర్మనీలోని కాన్‌స్టాన్స్‌కీ పక్కనే ఉన్న స్విస్ ఊరికీ మధ్య కంచె వేశారు. ప్రేమికులు కంచెకి అటొకరు ఇటొకరు నిలబడి మాట్లాడుకున్నారు. భయం పుడితే ఎక్కడైనా అంతే.

పర్మిటు కష్టం అన్న సాకుకి 2021 ఏప్రిల్‌తోనే సగం కాలం చెల్లింది. అప్పటి నుంచి ఆన్‌లైన్‌లో ఫీజు కట్టి దేశమంతా తిరిగే టూరిస్టు పర్మిటు తీసుకోవచ్చు. ఆ నియమాల్ని 2023లో మళ్ళీ సవరించి రాశారు. అంటే చట్టబద్ధంగా అద్దెకిచ్చే కారుకి గరికపాడూ, ఎదుర్లంకా అంత అడ్డేం కాదు. అయినా తెల్లబోర్డే ఎందుకు కావాలి? "తెల్లబోర్డయితే ఎవడూ ఆపడండీ." అదీ అసలు సంగతి. పర్మిటు ఉన్న పసుపుబోర్డు వాణ్ణి ఆపి కాయితాలడుగుతారు. ఏ కాయితమూ లేని తెల్లబోర్డు వాడికి దారిస్తారు. యానాం దారిలో డిక్కీ తెరిపించి సీసాలు వెతుకుతారు గానీ, కారు ఎవరి పేరు మీదుందో, నువ్వెవరివో అడగరు. నిజాయితీగా పన్ను కట్టేవాడికి శిక్ష, ఎగ్గొట్టేవాడికి గ్రీన్ చానెల్. ఇలాంటి సిస్టం మనలో ఎవడైనా డిజైన్ చేస్తే కోడ్ రివ్యూలో చీరేస్తారు.

జర్మనీలో కిరాయి కారుకి వేరే రంగు ప్లేటు లేదు. అది కిరాయి బండి అన్నది రికార్డుల్లో ఉంటుంది. మనకీ వాహన్ డేటాబేసు ఉంది. అయినా ఇంకా రంగు చూసి మనిషిని ఆపుతున్నాం.

ప్రభుత్వం తప్పు కూడా చెప్పాలి. ఆ 1989 స్కీములో లైసెన్సు కావాలంటే కనీసం 50 కార్లుండాలి. అమలాపురంలో మూడు కార్లు పెట్టుకుని బతకాలనుకునేవాడు చట్టప్రకారం బతకడానికి దారేది? పెద్ద కంపెనీకి మాత్రమే చట్టం, చిన్నవాడికి వాట్సాపు. ఆ 50ని అయిదు చెయ్యండి, ఒకటి చెయ్యండి. రోజువారీ కిరాయికి అదనపు ప్రీమియం కట్టి పాలసీ మీద రాయించుకునే వీలివ్వండి. మూడు కార్లవాడు రేపే నల్లబోర్డు పెట్టుకుంటాడు. వాడికేం సరదానా, ప్రతిసారీ కొత్త ఫ్రెండుని వెతుక్కోవడం? పైగా వాడికీ భయమే. నెల అద్దెకని కార్లు పట్టుకెళ్ళి తాకట్టు పెట్టేసిన కేసులు తెలుగు పేపర్లలో ఎన్నిసార్లు రాలేదు?

అయితే చట్టం బాగుపడేదాకా మీరు తెల్లబోర్డు తీసుకోవచ్చని దీని అర్థం కాదు. "అందరూ అదే తీసుకుంటున్నారు" అనేవాడికి నా దగ్గర జవాబు లేదు. "ఖర్చు" అనేవాడికి ఉంది. రైల్లో రాజమండ్రిలోనో కాకినాడలోనో దిగి అక్కణ్ణుంచి బస్సు. కాకినాడ బస్సు యానాం మీంచే వస్తుంది, మీ విదేశీయానం కూడా తీరుతుంది :-) ఊళ్ళో తిరగడానికి ముమ్మిడివరం సెంటర్లో పసుపుబోర్డు బండి డ్రైవరుతో సహా దొరుకుతుంది. పోయిన పండక్కి నేను మూడు రోజులు అలాగే తిరిగాను. నలుగురు పంచుకుంటే వాట్సాప్ కారుకీ దీనికీ తేడా మనిషికి అయిదారు వందలు. ఆ డ్రైవరుకి మా రోడ్లు తెలుసు. చీకట్లో కాలవ ఎక్కడ వంపు తిరుగుతుందో తెలుసు, సైకిళ్ళకి వెనక లైట్లుండవని తెలుసు.

నల్లబోర్డే కావాలంటే హైదరాబాదులో దొరుకుతుంది, రేటెక్కువ. తీసుకున్నప్పుడు పాలసీ కాపీ అడగండి. పర్మిటు ఏ తేదీ దాకా ఉందో చూడండి. మీతో పాటు ఎవరెవరు నడుపుతారో వాళ్ళ పేర్లు రాయించండి. ఇవన్నీ మీకు వచ్చు, మ్యూనిక్‌లో చేశారు.

బాబాయి ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. చెరువు కాపలా పని పోయింది, రాత్రుళ్ళు గట్టు మీద తిరగలేడు కాబట్టి. కేసు ట్రిబ్యునల్‌లో ఉంది. పోయిన వాయిదాకి కుర్రాడు హైదరాబాదు నుంచి వచ్చాడు. ఫ్రెండు రాలేదు.